వెండి కాగితం ముక్క, మూడు బ్యాటరీల లైటు

పోయిన నెల్లో ఓ శనివారం పొద్దున్నే డాలస్ నుంచి మావాడి వీడియో కాల్. మావాడంటే ఇంజనీరింగు నాలుగేళ్ళూ నా రూమ్మేటు, ఇప్పుడు అక్కడ ఏదో బ్యాంకు ప్రాజెక్టులో జావా రాసుకుంటున్నాడు. ఆ మాటా ఈ మాటా అయ్యాక జేబులోంచి ఓ ఇత్తడి గొట్టం తీసి కెమెరా ముందు పెట్టాడు. చూడ్డానికి చిన్న సైజు టార్చిలైటులా ఉంది.

"మెకానికల్ మాడ్ రా మామా. సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. లోపల సర్క్యూట్ గట్రా ఏమీ ఉండదు. బ్యాటరీ, బటను, కాయిలు. అంతే!" అన్నాడు.

తెలియని వాళ్ళ కోసం: సిగరెట్టు బదులు ఆవిరి పీల్చే వేప్ సాధనాల్లో ఇదో మోటు రకం. వాడు దాన్ని ఊపి చూపించాడు. లోపల బ్యాటరీ టకటకా కొట్టుకుంటోంది.

"లూజుగా ఉందిరా. ఒకోసారి పనిచేస్తది, ఒకోసారి చెయ్యదు. దీనికి మందు నా దగ్గరుందిలే" అంటూ చూయింగ్ గమ్ చుట్టే వెండి కాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి, బ్యాటరీ నెత్తిన పెట్టబోయాడు.

"ఆగరా ఒరేయ్!" అని నేను అరిచిన అరుపుకి మా అపార్ట్‌మెంటులో సగం మంది లేచి ఉంటారు.

వాడు తెల్లబోయి, "అదేందిరా అట్టా అరుస్తావు? మీ తాతయ్య దగ్గర నేర్చుకున్నదే కదా ఇది" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. నిజమే మరి! సెకండియర్‌లో సంక్రాంతికి వీణ్ణి మా ఊరు తీసుకెళ్ళాను. రాత్రి పూట అరుగు మీద కూర్చుని తాతయ్య తన బ్యాటరీ లైటు వెనక మూత విప్పి, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం మడిచి అందులో పెట్టి, మూత బిగించి, వేపచెట్టు మీదకి వెలుగు కొట్టి చూపించాడు. వీడు నోరు తెరుచుకుని చూశాడు. అది వాడికి పదేళ్ళ తరవాత డాలస్‌లో గుర్తొచ్చింది.

ఆ రోజు వాడికి ఫోన్లో గంటసేపు చెప్పిందీ, తరవాత కూర్చుని ఆలోచిస్తే తోచిందీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పెద్ద టపా, టీ పెట్టుకుని కూర్చోండి :-)

మా ఊరు మార్టూరుకీ పర్చూరుకీ మధ్య ఓ పల్లె. నా చిన్నప్పుడు ప్రకాశం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. నల్లరేగడి. పత్తి, మిరప, పొగాకు, శనగ. తాతయ్య లైటు మూడు బ్యాటరీలది. ఇత్తడి గొట్టానికి పైన మెరిసే పూత, ముందు గుండ్రటి అద్దం, పక్కన జరిపే స్విచ్చి, దాని కిందే ఎర్ర బటను, వెనక మూతకి తగిలించుకునే రింగు. కాలవ నీళ్ళు వచ్చిన కొత్తల్లో చీరాలలో కొన్నాడట. నాకు ఊహ తెలిసేటప్పటికే పూత పోయి ఇత్తడి బయటపడింది.

అందులో లూజు రెండు రకాలు. ఒకటి అడ్డం లూజు, అంటే గొట్టం వెడల్పు ఎక్కువై బ్యాటరీ అటూ ఇటూ ఊగడం. దీనికి తాతయ్య పాత క్యాలెండరు కాగితం చుట్టేవాడు. రెండోది నిలువు లూజు. బ్యాటరీల వరస పొడవు చాలక వెనకున్న స్ప్రింగు సరిగా అందకపోవడం. దీనికి మొదటి వైద్యం స్ప్రింగుని చేత్తో సాగదీయడం. రెండోది బ్యాటరీ అడుగుని గచ్చు మీద రుద్ది తుప్పు వదిలించడం. ఈ రెండూ పారకపోతే వెండి కాగితం.

దానికో పద్ధతి ఉంది. సిగరెట్ పెట్టెలో కాగితానికి ఒకవైపే లోహం, రెండోవైపు ఉత్త కాగితం. ఎలా పడితే అలా మడిస్తే కరెంటు పోదు. కాగితం వైపు లోపలికి, మెరిసే వైపు రెండు పక్కలా బయటికి వచ్చేలా మడవాలి. అంతా అయ్యాక తాతయ్య ఒక మాట అనేవాడు: "అడుగునే పెట్టాలిరా అబ్బాయ్, నెత్తిన పెట్టగూడదు." ఎందుకని ఎప్పుడూ అడగలేదు. మావాడికి కాగితం గుర్తుంది గానీ ఈ మాట గుర్తు లేదు.

ఇంతకీ ఆ లైటు మా అరుగు మీదకి ఎలా వచ్చింది?

1866లో ఫ్రాన్సులో జార్జ్ లెక్లాంషే తడి బ్యాటరీ ఒకటి తయారుచేశాడు. గాజు సీసాలో ద్రావకం, అందులో జింకు కడ్డీ. ఒలికిపోతుంది కాబట్టి చేత్తో పట్టుకు తిరగడానికి కుదరదు. 1880ల్లో జర్మనీలో కార్ల్ గాస్నర్ ఆ ద్రావకాన్ని ముద్దలా చేసి, జింకునే డబ్బాగా మలిచాడు. అదే పొడి బ్యాటరీ. 1898లో అమెరికాలో నేషనల్ కార్బన్ కంపెనీ మనం 'పెద్ద బ్యాటరీ' అనే డి సైజు తెచ్చింది. 1899 జనవరిలో డేవిడ్ మిసెల్ అనే ఆయనకి గొట్టంలో బ్యాటరీలు వరసగా పేర్చే టార్చికి పేటెంటు వచ్చింది. అది కాన్రాడ్ హ్యూబర్ట్ అనే వలసదారుడి కంపెనీ చేతికొచ్చింది. అప్పటి బ్యాటరీలు, బల్బులు ఎంత బలహీనమంటే ఎక్కువసేపు వెలిగేవి కావు, కాసేపు మెరిపించి ఆపాల్సిందే. అమెరికా వాళ్ళు దాన్ని ఇప్పటికీ ఫ్లాష్‌లైట్ అనడానికి కారణం అదే.

హ్యూబర్ట్ కంపెనీ పెట్టిన పేరే ఎవరెడీ. 1914కల్లా అది నేషనల్ కార్బన్‌లో కలిసిపోయింది. 1917లో నేషనల్ కార్బన్ వెళ్ళి యూనియన్ కార్బైడ్‌లో కలిసింది. మన దేశంలో ఎవరెడీ కంపెనీ 1934లో రిజిస్టరయింది, 1939లో కలకత్తాలో బ్యాటరీ ఫ్యాక్టరీ పెట్టింది, 1959లో యూనియన్ కార్బైడ్ ఇండియా అని పేరు మార్చుకుంది. హైదరాబాదు మౌలాలీలోనూ వాళ్ళకో బ్యాటరీ ఫ్యాక్టరీ ఉండేది. అవును, 1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్‌లో విషవాయువు వదిలిన కంపెనీ, మన ఊళ్ళ కిరాణా కొట్లలో ఎర్ర బ్యాటరీ అమ్మిన కంపెనీ ఒకటే. 1994లో ఆ వ్యాపారం కలకత్తా ఖైతాన్ల చేతికి పోయి, ఎవరెడీ ఇండస్ట్రీస్ అయింది.

మా వైపు ఇంకో పేరు కూడా గట్టిగా వినిపించేది: నిప్పో. ఇది పక్క జిల్లా సరుకు. జపాన్ మత్సుషిత సహకారంతో 1972లో మొదలైన ఇండో నేషనల్ కంపెనీది, నెల్లూరు జిల్లాలో తయారీ. తాతయ్య మాత్రం రెండు కంపెనీల బ్యాటరీలూ కలిపి వేసేవాడు. కొత్తది ఒకటి, పాతవి రెండు. "ఇంకా పస ఉన్నదాన్ని పారేస్తారటరా" అని ఆయన వాదన. లూజుకి అదీ ఒక కారణమే, ఎలాగో చెప్తాను.

మా వైపు రైతుకి ఈ లైటు అంత అవసరం ఎందుకయింది అనేది అసలు కథ.

1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలవల్లోకి నీళ్ళు వదిలారు. కుడి కాలవ గుంటూరు, ప్రకాశం మెట్ట భూముల్లోకి వచ్చింది. అంతకుముందు వానకి పండితే పండినట్టు, లేకపోతే లేదు. కాలవ వచ్చాక మిరపకీ పత్తికీ ఆరుతడి దొరికింది. దొరికింది గానీ, వంతుల మీద. మాది కాలవ చివరి భూమి. పైవాళ్ళు పగలు పెట్టుకుంటే మా వంతు రాత్రి రెండింటికో మూడింటికో. మనిషి వెళ్ళి గండి కొట్టి, మడవ మార్చి, మళ్ళీ కట్టెయ్యాలి. ఒక గంట ఆలస్యమైతే నీళ్ళు పక్కవాడి చేలోకి.

తరవాత బోర్లు, మోటార్లు. త్రీఫేజు కరెంటు ఏ వేళప్పుడు ఇస్తే ఆ వేళప్పుడు పరిగెత్తాలి. 2004 మే 14న రాజశేఖరరెడ్డి గారు ముఖ్యమంత్రిగా ఉచిత విద్యుత్ ఫైలు మీద తొలి సంతకం పెట్టారు. బిల్లు పోయింది గానీ రాత్రి కరెంటు పోలేదు. నా చిన్నప్పుడు అర్ధరాత్రి కరెంటు వస్తే తాతయ్య లేచిన చప్పుడు నాకు బాగా గుర్తు: ముందు మంచం కిర్రుమనేది, తరవాత లైటు స్విచ్చి టిక్కుమనేది.

పొగాకు బ్యారన్ల సంగతి వేరే. వర్జీనియా పొగాకు గుంటూరు జిల్లాలోకి 1920ల్లో వచ్చింది. చీరాలలో ఐ.ఎల్.టి.డి. ఫ్యాక్టరీ, ఆ తరవాత ప్రకాశం జిల్లా అంతా బ్యారన్లు. 1976లో టుబాకో బోర్డు పెట్టినప్పుడు దాని హెడ్డాఫీసు గుంటూరులోనే పెట్టారు. పచ్చి ఆకుని కర్రలకి కుట్టి బ్యారన్ నిండా వేలాడదీసి, కింద గొట్టాల్లోంచి వేడి పంపుతూ అయిదారు రోజులు క్యూరింగ్ చెయ్యాలి. మొదట ఆకు పసుపు తిరగాలి, తరవాత రెక్క ఆరాలి, చివర ఈనె ఆరాలి. ఒక్కో దశకి ఒక్కో వేడి. రాత్రీ పగలూ మనిషి కాపలా ఉండి థర్మామీటరు చూస్తూ ఉండాలి. వేడి ఒక్కసారిగా పెరిగితే ఆకు నల్లబడుతుంది, గ్రేడు పడిపోతుంది. ఎండిన ఆకు వేడి గొట్టం మీద పడితే బ్యారనే తగలబడుతుంది. ఇక అక్కడికి లాంతరు పట్టుకెళ్ళే ధైర్యం ఎవరికుంటుంది? చిన్న కిటికీలోంచి బ్యాటరీ లైటు కొట్టి అంకె చదవాల్సిందే. ఆ క్షణంలో లైటు మినుకుమినుకుమంటే ఏడాది కష్టం మీద పందెం వేసినట్టే.

ఇక ఫిబ్రవరి, మార్చి వస్తే మిరప కల్లాలు. కాయ ఎండేదాకా కల్లంలోనే పడక. దొంగలు, పందులు, అకాల వాన. ఆకాశంకేసి, కంచెకేసి రాత్రంతా లైటు తిప్పుతూనే ఉండేవాళ్ళు.

వీటన్నిటికీ మించింది పాము. 2020లో వెలువడిన ఓ పెద్ద అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది పోయారు, ఏటా సగటున 58,000. వీళ్ళలో దాదాపు 70 శాతం ఎనిమిది రాష్ట్రాల వాళ్ళే, ఆ ఎనిమిదిలో ఆంధ్రప్రదేశ్ ఉంది (తెలంగాణ కలిపి లెక్కించారు). సగం చావులు జూన్ నుంచి సెప్టెంబరు మధ్యలో. అంటే సరిగ్గా మన పత్తి, మిరప మొక్క నాటే కాలంలో.

తాతయ్య ఈ లెక్కలేవీ చదవలేదు. ఆయనకి ఒకటే కథ. ఓ రాత్రి మిరపచేలో మడవ మార్చడానికి గట్టు మీద పోతుంటే లైటు ఆరిపోయింది. అలవాటైన గట్టే కదా అని ఇంకొకరైతే నడిచేసేవాళ్ళు. ఆయన ఆగి, లైటుని అరచేతిలో రెండుసార్లు కొట్టాడు. వెలిగింది. రెండడుగుల ముందు గట్టు మీద రక్తపింజర చుట్ట చుట్టుకుని ఉంది. వెండి కాగితం మడిచిన ప్రతిసారీ ఈ కథ చెప్పేవాడు. చిన్నప్పుడు మాకు విసుగొచ్చేది. "ఆ బ్యాటరీ లూజుగా ఉండబట్టే ఆరిపోయింది, కొడితే వెలిగిందీ అందుకే" అని చివర్లో కలిపేవాడు. అంటే ఆయన దృష్టిలో కాగితం ముక్క పొదుపు విషయం కాదు, ప్రాణం విషయం.

ఇప్పుడు మన ఇంజనీరింగు బుర్రకి పని. లూజు ఎందుకొస్తుంది?

డి సైజు బ్యాటరీకి అంతర్జాతీయ కొలతలున్నాయి, దాని పేరు ఆర్20. పొడవు 59.5 నుంచి 61.5 మి.మీ. మధ్య ఎంతైనా ఉండొచ్చు. వ్యాసం 32.3 నుంచి 34.2 మధ్య. అంటే ఒక్కో బ్యాటరీకి నిలువులో 2 మి.మీ. తేడా రూల్ ప్రకారమే ఒప్పు. మూడు బ్యాటరీలు వరసగా పెడితే 6 మి.మీ. తేడా రావచ్చు. ఏ కంపెనీ తప్పూ లేకుండానే! తాతయ్యలా కంపెనీలు కలిపి వేస్తే ఏ రోజు ఎంత పొడవు వస్తుందో దేవుడికెరుక. ఈ తేడా అంతా మింగాల్సింది వెనక మూతలోని ఒకే ఒక్క స్ప్రింగు. కొత్తలో మింగుతుంది. పదేళ్ళు నొక్కి నొక్కి, తడిచేత్తో మూత తిప్పి తిప్పి, అది చచ్చుబడుతుంది, తుప్పు పడుతుంది.

పైగా ఈ రకం బ్యాటరీలో జింకు డబ్బాయే ఇంధనం. వాడేకొద్దీ డబ్బా కరిగిపోతుంది. చివరికి చిల్లు పడి రసం కారుతుంది, ఉబ్బి గొట్టంలో ఇరుక్కుపోతుంది. కొత్తప్పుడు లూజు, పాతబడితే రమ్మన్నా రాదు. మా ఇంట్లో రోకలితో కొట్టి తీసిన రోజులున్నాయి.

ఇత్తడి టార్చిలో గొట్టమే తీగ. చివరి బ్యాటరీ అడుగు నుంచి స్ప్రింగుకి, స్ప్రింగు నుంచి మూతకి, మూత మరల మీదుగా గొట్టానికి, గొట్టం నుంచి స్విచ్చికి, అక్కణ్ణుంచి బల్బుకి. ఇన్ని చోట్ల లోహం లోహాన్ని తాకాలి. మూడు బ్యాటరీల బల్బు సాధారణంగా 3.8 వోల్టులు, 0.3 ఆంపియర్లది. దారిలో తుప్పు వల్లో, లూజు వల్లో ఒక్క ఓమ్ అడ్డం పడిందనుకోండి, 0.3 వోల్టులు అక్కడే పోతాయి. ఎనిమిది శాతమేగా అనిపిస్తుంది. కానీ ఫిలమెంటు బల్బు కాంతి వోల్టేజీతో పాటు నిదానంగా తగ్గదు, ఒక్కసారిగా దిగిపోతుంది. ఆ ఎనిమిది శాతానికి కాంతిలో దాదాపు పాతిక శాతం పోతుంది. గట్టు మీద పాము కనపడటానికీ, కనపడకపోవడానికీ అది చాలు.

కాబట్టి తాతయ్య కాగితం కరెక్టు వైద్యమే. పోయిన మిల్లీమీటర్లని పూడ్చింది, తుప్పు పట్టిన చోట శుభ్రమైన లోహం పెట్టింది. మరి ప్రమాదం? ఈ బ్యాటరీ తనంతట తానే బలహీనుడు. లోపలి నిరోధం ఎక్కువ. సూటిగా షార్టు చేసినా కొన్ని ఆంపియర్లు మాత్రమే ఇవ్వగలదు. వేడెక్కి చస్తుంది, పేలదు. 0.3 ఆంపియర్ల బల్బుకి ఒక ఓమ్ లూజు కాంటాక్టు దగ్గర పుట్టే వేడి 0.09 వాట్లు, చేతికి కూడా తెలియదు. అంటే ఆయన ప్రయోగాలకి ఆ బ్యాటరీ బలహీనతే సేఫ్టీ. ఆయనకి ఆ సంగతి తెలియదు, తెలియాల్సిన అవసరమూ రాలేదు.

అన్నట్టు ఆ వెండి కాగితం ఎక్కడిది? సిగరెట్ పెట్టెలోది. సిగరెట్లలో పొగాకు ఎక్కడిది? మా బ్యారన్ల లాంటి వాటిలోంచి పోయిందే. రాత్రి లైటు కొట్టి కాచిన ఆకు ఊళ్ళు తిరిగి పెట్టెలో పడి మళ్ళీ మా కిళ్ళీ కొట్టుకి వస్తే, దాని కాగితంతో ఆ లైటునే రిపేరు చేసుకున్నాం. తాతయ్య సిగరెట్టు తాగడు, చుట్ట మాత్రమే. కాగితం కోసం కొట్టువాణ్ణి అడిగి ఖాళీ పెట్టెలు తెచ్చుకునేవాడు :-)

తరవాతి తరం నాన్నది. 2003లో నోకియా 1100 వచ్చింది. ప్రపంచం మొత్తం మీద 25 కోట్లకు పైగా అమ్ముడుపోయిన ఫోను. మా ఊళ్ళో దాన్ని కొన్నది మాట్లాడటానికి ఎంతో, నెత్తినున్న చిన్న టార్చికీ అంతే. దానికీ ఇదే రోగం! కొన్నాళ్ళు వాడాక బ్యాటరీ లూజై, ఫోను కింద పెడితే చాలు ఆరిపోయేది. నాన్న వైద్యం ఏంటంటే, బస్సు టిక్కెట్టు మడిచి బ్యాటరీ పక్కన దోపడం. మీలో సగం మంది ఇళ్ళల్లో ఇది జరిగే ఉంటుంది.

అది లిథియం బ్యాటరీ. మరి ఎందుకేమీ కాలేదు? రెండు కారణాలు. టిక్కెట్టు ఉత్త కాగితం, కరెంటు పోదు, బ్యాటరీని కాంటాక్టుల మీదకి నెట్టడం ఒక్కటే దాని పని. రెండోది, ఆ బ్యాటరీ లోపలే షార్టు అయితే తెంచేసే చిన్న రక్షణ సర్క్యూట్ ఉంది. లిథియం అమాయకమైంది కాదని అప్పుడే సూచన అందింది కూడా. 2007 ఆగస్టులో నోకియా అదే బి.ఎల్.-5సి మోడల్ బ్యాటరీల్లో 4.6 కోట్లు చార్జింగులో వేడెక్కవచ్చని హెచ్చరిక ఇచ్చి, కావాలన్న వాళ్ళకి మార్చి ఇచ్చింది. అవి మత్సుషిత తయారీవి.

ఇప్పుడు మావాడి ఇత్తడి గొట్టానికొద్దాం.

చైనాలో హాన్ లిక్ అనే ఫార్మసిస్టు 2003లో ఇప్పటి తరహా ఈ-సిగరెట్టు చేశాడు. తరవాత కొందరు హాబీగాళ్ళకి ఆ చిన్న బ్యాటరీ చాలక, పెద్ద బ్యాటరీ పట్టే లోహపు గొట్టాలు తయారుచేసుకున్నారు. వాటిలో సర్క్యూట్ ఏదీ లేనివే మెకానికల్ మాడ్లు. విప్పి చూస్తే తాతయ్య లైటే! గొట్టమే తీగ, అడుగున బటను, పైన బల్బు బదులు కాయిలు. మావాడికి తాతయ్య గుర్తు రావడంలో వింతేమీ లేదు.

మారింది ఒక్కటే, లోపలి బ్యాటరీ. దీని పేరే దాని కొలత: 18650, అంటే 18 మి.మీ. వ్యాసం, 65 మి.మీ. పొడవు. లాప్‌టాప్ ప్యాకుల్లోనూ పవర్ బ్యాంకుల్లోనూ ఉండేది ఇదే. నిండా చార్జి అయితే 4.2 వోల్టులు. లోపలి నిరోధం ఓమ్‌లో వందో వంతుల్లో ఉంటుంది. సూటిగా షార్టు అయితే లెక్క ప్రకారం వంద ఆంపియర్లు దాటొచ్చు. తాతయ్య బ్యాటరీకి చేతకాని పని ఇది అవలీలగా చేస్తుంది, ఆపడానికి మధ్యలో ఎవరూ లేరు.

లూజు సంగతే చూడండి. కాయిలు 0.2 ఓమ్ అయితే దాదాపు 20 ఆంపియర్లు లాగుతుంది. కాంటాక్టు దగ్గర 0.02 ఓమ్ అడ్డుంటే చాలు, అక్కడ 8 వాట్ల వేడి. టార్చిలో 0.09 ఎక్కడ, 8 ఎక్కడ! అందులో మధ్యలో పెట్టింది పల్చటి రేకు మడత. స్ప్రింగు మెత్తబడుతుంది, రేకు కాలుతుంది, బ్యాటరీ వేడెక్కుతుంది.

ఇంకా ముఖ్యమైంది "నెత్తిన పెట్టగూడదు" అన్న మాట. 18650కి డబ్బా మొత్తం నెగెటివే. అడుగు ఒక్కటే కాదు, పైన పాజిటివ్ బొడిపె చుట్టూ ఉన్న అంచు కూడా నెగెటివే. రెంటికీ మధ్య ఉన్నది చిన్న వాషరు, పల్చటి ప్లాస్టిక్ తొడుగు. తొడుగు కాస్త చిరిగి, నెత్తిన పెట్టిన వెండి కాగితం ఓ రెండు మిల్లీమీటర్లు పక్కకి జరిగితే పాజిటివ్, నెగెటివ్ కలిసిపోతాయి. మూసిన ఇత్తడి గొట్టం, వేడెక్కిన బ్యాటరీలోంచి వాయువు, బయటికి సరైన దారి లేదు. దీన్ని ఇంకో పేరుతో నాటుబాంబు అంటారు.

ఊరికే భయపెట్టడం కాదు. 2018 మేలో ఫ్లోరిడాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఒకాయన ఇలాంటి పేలుడులో చనిపోయాడు. 2019 జనవరిలో ఇంకో కుర్రాడు, ఇరవై నాలుగేళ్ళు, మెడ రక్తనాళం తెగి పోయాడు. అది జరిగింది ఫోర్ట్ వర్త్‌లో. డాలస్ పక్కనే! ఆ మాట చెప్పినప్పుడు మావాడు మొదటిసారి గొట్టాన్ని టేబుల్ మీద పెట్టేశాడు.

మన దేశంలో ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిలవ, ప్రకటనలు అన్నీ 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సుతో ఆపారు, డిసెంబరులో చట్టం చేశారు. అక్కడ వాడికి ఆ ఇబ్బంది లేదు. అందుకని ఏది కరెక్టు రిపేరో కూడా చెప్పాను. ఆ గొట్టానికి ఏ కొలత, ఏ రకం బ్యాటరీ చెప్పారో అదే వెయ్యాలి. బొడిపె ఉన్నదానికీ లేనిదానికీ పొడవులో తేడా ఉంటుంది, చాలాసార్లు లూజుకి కారణం ఇదే. నిలువు లూజైతే పైన కాంటాక్టు మర సర్దుబాటు చేసేది ఉంటే దాన్ని తిప్పాలి, లేదంటే బటను భాగం మార్చాలి. అడ్డం లూజైతే ఆ సైజుకి చేసిన ప్లాస్టిక్ తొడుగు. బ్యాటరీ తొడుగు చిరిగితే అలాగే వాడకూడదు. రేకు, నాణెం, అయస్కాంతం లాంటివి ఎట్టి పరిస్థితుల్లో వద్దు. ఇవేవీ కుదరకపోతే ఆ గొట్టం షోకేసులో పెట్టుకోవడానికి బాగుంటుంది.

మన ఉద్యోగాల్లో ఇలాంటివి రోజూ చూస్తాం. ఎవరో సీనియరు పదేళ్ళ క్రితం ఒక వర్కరౌండ్ పెడతాడు. అది ఆ సర్వరు మీద, ఆ లోడుకి చక్కగా పనిచేస్తుంది. అతను వెళ్ళిపోతాడు. వర్కరౌండ్ మిగులుతుంది, ఏ షరతుల మీద పనిచేసిందో ఎవరూ రాసి పెట్టరు. తరవాత వచ్చినవాడు "ఇది ఎప్పణ్ణుంచో ఉందిగా" అని కొత్త సిస్టమ్‌లోకి కాపీ చేస్తాడు. తాతయ్య తన వంతుగా ఒక షరతు చెప్పాడు, "నెత్తిన పెట్టగూడదు" అని. రెండోది, అంటే "బలహీనమైన బ్యాటరీకే" అన్నది చెప్పలేదు. ఆయన ప్రపంచంలో ఇంకో రకం బ్యాటరీ లేదు. చెప్పిన ఒక్కటీ మావాడు మర్చిపోయాడు. చెప్పనిది నేనైనా అప్పుడే ఆలోచించి ఉండాల్సింది, బీటెక్ చదువుతున్నవాణ్ణి నేనే కదా. అరుగు మీద కూర్చుని చప్పట్లు కొట్టాను.

మావాడు బ్యాటరీ తీసి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి ఫోటో పంపాడు. గొట్టం ఏం చేశాడో చెప్పలేదు, మళ్ళీ అడగాలి.

తాతయ్య పోయి మూడేళ్ళయింది. లైటు ఇప్పటికీ మా ఊళ్ళో దూలానికి మేకుకి వేలాడుతోంది. నిన్న అమ్మకి ఫోన్ చేసి మూత విప్పి చూడమన్నాను. బ్యాటరీలు నాన్న ఎప్పుడో తీసేశాడట. స్ప్రింగు దగ్గర మాత్రం మడత పెట్టిన వెండి కాగితం అలాగే ఉందట, మెరిసే వైపు బయటికి.

మీ ఇళ్ళల్లో ఇలాంటి వైద్యాలు ఏమున్నాయో చెప్పండి. ఎందుకు పనిచేసేవో కూడా తెలిస్తే, అది కూడా కలిపి.